తూము తెరిచే మైనం

పాత గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె ఉంచి, దానికి దారాలతో రెండు థర్మోస్టాట్లు కట్టి నీళ్లలోకి వేలాడదీశాను. అవి అడుగుకు తగలకూడదు. తగిలితే నీళ్ల వేడి బదులు గిన్నె వేడి వాటికి సోకుతుంది. పక్కనే థర్మామీటరు పెట్టాను. రెండూ ఒకే రకం పికప్ బండి ఇంజిన్‌కు సరిపోయేవే. ఇంజిన్ కాగాక రేడియేటర్ దారి తెరవడం వాటి పని. రెండింటి మీదా 82 అనే అంకె అచ్చయి ఉంది. ఒకటి అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన కొత్తది. రెండోది, హీటెక్కుతోందని షెడ్డుకొచ్చిన బండిలోంచి మెకానిక్ విప్పి పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నది.

నీళ్లు 70 డిగ్రీలకు వచ్చాయి. రెండూ కదల్లేదు. 80 దాటింది. 83 దగ్గర కొత్తదాని పళ్లెం అంచున వెంట్రుకవాసి సందు కనిపించింది. 90కి వచ్చేసరికి ఆ సందులోంచి నీటి బుడగలు పైకి రావడం మొదలైంది. 95కి చిటికెన వేలి మందాన తెరుచుకుంది. నీళ్లు సలసల కాగుతున్నా పాతది మాత్రం బిగుసుకునే ఉంది. ఆ బండి ఎందుకు హీటెక్కిందో చెప్పడానికి ఇంకో పరీక్ష అక్కర్లేదు.

కొత్తదాన్ని తెరిచింది ఎవరు? దానికి కరెంటు లేదు, కంప్యూటరు లేదు. మధ్యలో చిన్న లోహపు బుడిపె ఉంది. అందులో మైనం దట్టించి ఉంటుంది. గడ్డగా ఉన్న మైనం కరిగితే దానికి కావలసిన చోటు పదో వంతుకు పైగా పెరుగుతుంది. చుట్టూ ఉన్న లోహం సాగదు. ఇక మైనానికి మిగిలిన దారి ఒక్కటే, నడుమనున్న సన్నని ఉక్కు కడ్డీని బయటికి తొయ్యడం. కడ్డీ కదిలితే పళ్లెం తెరుచుకుంటుంది. మైనం చల్లారి కుంచించుకోగానే స్ప్రింగు దాన్ని మళ్లీ మూసేస్తుంది. మైనంలో ఏ పాళ్లు కలిపారన్నదాన్ని బట్టి అది ఎన్ని డిగ్రీలకు కరగాలో ముందే నిర్ణయమైపోతుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ అనే ఆవిష్కర్త ఈ పద్ధతిని రూపొందించాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ ఇంజిన్లు దీన్నే నమ్ముకుని నడుస్తున్నాయి.

చెరువు కింద తూము తెరిచి మూసే పని నీరటిది. ఏ పొద్దున ఎంత నీరు వదలాలో ఆయనకు తెలుసు. అవసరం లేనప్పుడు వదిలితే చెరువు వట్టిపోతుంది, కావలసినప్పుడు వదలకపోతే పొలం ఎండిపోతుంది. బండిలో వేడికి ఈ మైనం నీరటి లాంటిది.

ఈ నీరటి ఇప్పుడు ఒక్క ఇంజిన్ దగ్గరే కాదు, ఇంకో చోటా ఉన్నాడు. అమెరికాలో గత పది పన్నెండేళ్లలో వచ్చిన చాలా పికప్ ట్రక్కుల్లో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నుంచి కూలర్‌కు ఆయిల్ వెళ్లే దారిలో కూడా ఇలాంటి మైనపు వాల్వు ఉంది. బొటనవేలంత ముక్క. అది మొరాయిస్తే వేల డాలర్ల గేర్‌బాక్స్ మాడిపోతుంది. అయినా మీటరు ముల్లు పైకి పోగానే అందరి చూపూ పెద్ద వస్తువుల మీదికే పోతుంది. పెద్ద కూలర్ వేయిద్దామా, గేర్‌బాక్స్ విప్పిద్దామా అని ఆలోచిస్తారు. అంతకంటే ముందు అడగాల్సినవి మూడు ప్రశ్నలు. వేడి ఎక్కడ పుడుతోంది? ఏ దారిన బయటికి పోతోంది? ఆ దారికి తూము ఎక్కడుంది?

వేడి పుట్టే చోటు

గేర్ రాడ్ ఉన్న బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. పైకి చూస్తే నొక్కిన గుమ్మడికాయలా ఉండే ఇనుప డబ్బా అది. లోపల రెక్కలున్న చక్రాలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది, రెండోది గేర్లకు తగిలించి ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. మధ్యలో నిండుగా ఆయిల్ ఉంటుంది. మొదటి చక్రం ఆయిల్‌ను విసురుగా చిమ్మితే ఆ తాకిడికి రెండోది తిరుగుతుంది. వాటి నడుమ స్టేటర్ అనే చిన్న చక్రం, తిరిగొచ్చే ఆయిల్‌ను సరైన వైపుకు మళ్లించి తోపుడు బలాన్ని పెంచుతుంది.

జర్మనీ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. ఆవిరి టర్బైన్ మహావేగంగా తిరుగుతుంది, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటినీ ద్రవంతో కలపాలన్నది ఆయన ఆలోచన. కార్ల విషయానికొస్తే 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ భారీ ఎత్తున జనంలోకి వచ్చింది. 1948లో బ్యూక్ కార్లు టార్క్ కన్వర్టర్‌తో వచ్చాయి. క్లచ్ తొక్కే పని తప్పింది. దానికి బదులుగా వేడి వచ్చింది.

ఎందుకో మిక్సీలో ఇడ్లీపిండి రుబ్బినవాళ్లకు తెలుసు. కాసేపు తిప్పగానే పిండి గోరువెచ్చనవుతుంది, అందుకే చల్లటి నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పుతారు. మోటారు శక్తిలో పప్పును నలపడానికి పోగా మిగిలింది పిండిలో వేడిగా చేరుతుంది. కన్వర్టర్‌లోనూ అంతే. రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఉన్నంతసేపూ ఆయిల్ చిలకబడుతూ వేడెక్కుతుంది. తేడా ఎంత పెరిగితే వేడి అంత పెరుగుతుంది. బురదలో చక్రం దిగబడి బండి కదలనప్పుడు యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటే, కన్వర్టర్‌లోకి వెళ్లిన ఇంజిన్ శక్తి మొత్తం వేడే అవుతుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు లాకప్ క్లచ్ రెండు చక్రాలనూ కలిపి పట్టేస్తుంది. అప్పుడు జారుడు ఉండదు, ఆయిల్ నిమ్మళిస్తుంది.

పికప్ బండి పుట్టిందే బరువు లాగడానికి. అమెరికాలో పడవలు, గుర్రాల ట్రైలర్లు, ఇల్లంత క్యాంపర్లు వెనక తగిలించుకుని కొండలెక్కుతుంది. ఎంత బరువు లాగగలదో కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకోకుండా, ఆటోమొబైల్ ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం పెట్టింది. అందులో ఒక పరీక్షకు కొలబద్ద అరిజోనాలోని ఘాట్ రోడ్డు. కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై, ఎడారి కొండల్లోకి దాదాపు 18 కిలోమీటర్లు ఎక్కుతుంది. ఎండ 38 డిగ్రీలు ఉండాలి. ఏసీ పూర్తిగా నడుస్తుండాలి. మామూలు పికప్ గంటకు 64 కిలోమీటర్ల కంటే తగ్గకుండా పైకి చేరాలి.

ఆ ఎక్కుడులో ఎంత వేడి పుడుతుందో మనమే లెక్క వేసుకోవచ్చు. బండి, ట్రైలర్ కలిపి 5,500 కిలోలు అనుకుందాం. ఎక్కే ఎత్తు సుమారు 900 మీటర్లు, పట్టే సమయం 17 నిమిషాలు. ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికే దాదాపు 48 కిలోవాట్లు కావాలి. గాలి ఎదురు, టైర్ల రాపిడి కలిపితే 70 దాకా వస్తుంది. లాకప్ పట్టి ఉండి గేర్‌బాక్స్‌లో పదో వంతు పోయినా 7 కిలోవాట్లు వేడిగా మారుతుంది. లాకప్ వదిలేసి, కన్వర్టర్ జారుతూ అయిదో వంతు పోతే 14 కిలోవాట్లు. మన స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లది. అంటే ఏడు గీజర్లు ఒకేసారి ఆన్ చేసి బండి పొట్టలో పెట్టినట్టు.

వేడి చేసే చేటు

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని గేర్లకు జారుడివ్వడంతో ఆగదు. బలాన్ని మోసేది అదే. గేర్లు మార్చే లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ, వేడిని మోసుకుపోయేదీ కూడా అదే. ప్లేట్లు మరీ జారకుండా, మరీ గట్టిగా కరుచుకోకుండా పట్టడానికి అందులో ప్రత్యేక రసాయనాలు కలుపుతారు. 1970ల ఆరంభం దాకా ఆ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. తిమింగలాలను కాపాడే చట్టాలు వచ్చాక రసాయనవేత్తలు దానికి ప్రత్యామ్నాయాలు వెతకాల్సి వచ్చింది.

ఆ రసాయనాలకు వేడి శత్రువు. ఉష్ణోగ్రత పెరిగితే రసాయన చర్యల వేగం ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1889లో సూత్రబద్ధం చేశాడు. దాన్నే మెకానిక్కులు తమ మాటల్లో ఒక మోటు లెక్కగా చెప్పుకుంటారు. సుమారు 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని. 80 దగ్గర లక్షన్నర కిలోమీటర్లు మన్నే ఆయిల్ 91 దగ్గర 75 వేలు, 102 దగ్గర 37 వేలు, 113 దగ్గర 19 వేల కిలోమీటర్లకు దిగుతుందన్నమాట. నేటి సింథటిక్ ఆయిళ్లు ఇంతకంటే ఓర్చుకుంటాయి. అయినా లెక్క పోయే దిశ మారదు.

115 డిగ్రీలు దాటాక ఆయిల్ కమిలి, సన్నని వార్నిష్ పొరలా వాల్వుల మీద పేరుకుంటుంది. మూకుడు అంచున మాడి అంటుకున్న నూనె జిడ్డు లాంటిదే ఇది. ఇంకో పది డిగ్రీలు పెరిగితే రబ్బరు సీళ్లు గట్టిపడి పెళుసవుతాయి. సీళ్లు పోతే ఆయిల్ ఒత్తిడి కారిపోతుంది. ఒత్తిడి తగ్గితే క్లచ్ ప్లేట్లు జారతాయి. జారితే మళ్లీ వేడి. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ చక్రం మొదలయ్యాక గేర్‌బాక్స్ ఎక్కువ రోజులు నిలవదు. బాగున్న ఆయిల్ ఎర్రగా, వేలికి జారుగా ఉంటుంది. మాడినది ముదురు గోధుమ రంగుకు తిరిగి, పొయ్యి మీద మరిచిపోయిన నూనె వాసన కొడుతుంది.

చల్లార్చే దారికి తలుపెందుకు?

గేర్‌బాక్స్ లోపలి పంపు ఇంజిన్‌తో పాటు తిరుగుతూ ఆయిల్‌ను నెడుతుంది. కన్వర్టర్‌లో వేడెక్కిన ఆయిల్ పైపుల గుండా ముందుకు వస్తుంది. చాలా బండ్లలో మొదట రేడియేటర్ పక్క ట్యాంకులో ఇమిడి ఉన్న చిన్న కూలర్‌లోకి, తర్వాత బండి ముఖాన గాలి తగిలే కూలర్‌లోకి వెళ్తుంది. చల్లారి వెనక్కి వచ్చి గేర్లను తడిపి, అడుగున తొట్టిలోకి చేరుతుంది.

వేడి ఇంత చేటు చేసేదైతే ఆ దారిని ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచవచ్చు కదా, మధ్యలో థర్మోస్టాట్ దేనికి? ఈ ప్రశ్నకు జవాబు చలిలో ఉంది. మిన్నెసోటాలో జనవరి తెల్లవారుజామున ఒక్కోసారి సున్నాకు కింద ముప్ఫై డిగ్రీలు ఉంటుంది. ఆ చలికి ఆయిల్ చిక్కబడుతుంది. దాన్ని తిప్పడానికే ఇంజిన్ బలం ఖర్చవుతుంది. గేర్లు మొండిగా పడతాయి. ఆయిల్ వెచ్చబడేదాకా కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను పట్టనివ్వదు. లోపల చేరిన తేమ ఆవిరై పోవాలన్నా ఆయిల్ బాగా కాగాలి. గేర్‌బాక్స్‌కు చలువ ఎంత అవసరమో వెచ్చదనమూ అంతే అవసరం.

దీనికి తోడు ఇంధన నిబంధనలు వచ్చాయి. 2017 నుంచి 2025 దాకా వచ్చే మోడళ్ల కోసం అమెరికా ప్రభుత్వం 2012లో గట్టి మైలేజీ లక్ష్యాలు ప్రకటించింది. లీటరుకు వచ్చే ప్రతి అదనపు మీటరూ కంపెనీలకు విలువైనదైంది. ఆయిల్ త్వరగా పలచబడితే రాపిడి తగ్గుతుంది, మైలేజీ కాస్త పెరుగుతుంది. అందుకని కూలర్ దారికి మైనపు తూము పెట్టారు. ఆయిల్ చల్లగా ఉంటే వాల్వు దాన్ని కూలర్‌కు పంపకుండా దగ్గరి దారిన గేర్‌బాక్స్‌కే తిప్పి పంపుతుంది. వేడెక్కితే కూలర్ దారి తెరుస్తుంది. కొన్ని బండ్లలో ఇది 85, 90 డిగ్రీలు వచ్చేదాకా తెరుచుకోదు. ఎండల్లో బరువు లాగే బండికి అది ఆలస్యమే. 70 దగ్గరే తెరుచుకునే వాల్వులు తర్వాత వచ్చింది అందుకే.

తూము బిగుసుకుంటే

మైనం వేల సార్లు కరిగి గడ్డకడుతుంది. ఏదో ఒకనాడు బుడిపె సీలు చిట్లి మైనం కారిపోతుంది. లేదా క్లచ్ ప్లేట్ల అరుగుదల నుంచి వచ్చిన పొడి కడ్డీ చుట్టూ చేరి పట్టేస్తుంది. తెరుచుకున్న స్థితిలో ఆగిపోతే ప్రమాదం తక్కువ. గేర్‌బాక్స్ నెమ్మదిగా వెచ్చబడుతుంది, చలికాలంలో గేర్లు మొండికేస్తాయి. మూసుకున్న స్థితిలో ఆగిపోతేనే ముప్పు.

ఈ జబ్బు కంటికి దొరకదు. ఆయిల్ ఎక్కడా కారదు. పంపు తిరుగుతూనే ఉంటుంది. దగ్గరి దారిన ఆయిల్ గేర్లకు అందుతూనే ఉంటుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లు ముల్లు కొంచెం పైన ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. బరువు తగిలించి కొండెక్కిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. గేర్‌బాక్స్ లోహం 90 కిలోలు, ఆయిల్ 10 లీటర్లు అనుకుంటే, మొత్తాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 70 కిలోజౌళ్లు చాలు. మన ఏడు గీజర్లు సెకనుకు 14 కిలోజౌళ్లు పోస్తున్నాయి. బయటికి పోయే దారి లేకపోతే నిమిషానికి 12 డిగ్రీలు పెరుగుతుంది. డేవిస్ డ్యామ్ ఘాట్‌లో మూడో వంతు కూడా ఎక్కకముందే 85 డిగ్రీల ఆయిల్ 140 దాటుతుంది. డబ్బా గోడల నుంచి గాలికి పోయే వేడి దీన్ని కొంత మందగింపజేస్తుంది గానీ ఆపలేదు.

రెండు పైపుల పరీక్ష

మా పెద్దమ్మగారి అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. డాలస్ దగ్గర. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు చాలామందిలాగే వాడూ పికప్ కొన్నాడు, వెనక చిన్న పడవ ట్రైలర్ తగిలించి వారాంతాల్లో సరస్సుకు పోతుంటాడు. ఒక వేసవి రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మీటరు 235 చూపించింది. షెడ్డులో చూపిస్తే ఇంకో పెద్ద కూలర్ వెయ్యాలంటున్నారు. వేయించెయ్యనా?"

235 అంటే ఫారన్‌హీట్. మన లెక్కలో 113 డిగ్రీలు.

"ఇంజిన్ మీటరు ఎంతుందిరా?"

"అది మామూలుగానే ఉంది అన్నయ్యా. నడిమికి దాటలేదు."

"అయితే రేడియేటర్ బాగానే ఉన్నట్టు. ఏమీ కొనకు. రేపు బండి బాగా తిప్పి వచ్చాక, ఇంజిన్ ఆపకుండా, ముందు కూలర్‌కు వెళ్లే పైపూ, వచ్చే పైపూ ఎంత వేడిగా ఉన్నాయో చూసి చెప్పు. చేత్తో ముట్టుకోకు, కాలుతుంది."

వాడి దగ్గర దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంది. మెరిసే అల్యూమినియం పైపు మీద అది తప్పు అంకె చూపిస్తుంది. అందుకని పైపుల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి, ఆ టేపు మీద గురిపెట్టమన్నాను. మర్నాడు వీడియో కాల్‌లో చూపించాడు. బయట ఎండ 39. గేర్‌బాక్స్ ఆయిల్ 108. కూలర్‌కు వెళ్లే పైపు 46, తిరిగొచ్చే పైపు 45. ఆ రెండు అంకెలు చాలు. నిప్పులా ఉన్న ఆయిల్ కూలర్ గుమ్మం దాకా రావడమే లేదు. కూలర్ ఎంత పెద్దదైతే ఏం లాభం? తూము మూసి ఉన్నప్పుడు కింద ఎన్ని కాలువలు తవ్వినా పొలానికి నీరు చేరదు.

వాల్వు మార్పించాడు. అదే దారి, అదే పడవ, అదే ఎండ. ఆయిల్ 93 దగ్గర నిలబడింది. వెళ్లే పైపు 90, వచ్చే పైపు 68. ఆ ఇరవై రెండు డిగ్రీల తేడా చూశాక వాడి గొంతు తేలికపడింది, నాకూ అంతే.

ఈ పరీక్షలో మూడు ఫలితాలకు మూడు అర్థాలు. ఆయిల్ వేడిగా ఉండి రెండు పైపులూ చల్లగా ఉంటే వాల్వు తెరుచుకోలేదు, లేదా దారి పూడుకుపోయింది. వెళ్లే పైపు వేడిగా, వచ్చేది బాగా చల్లగా ఉంటే దారి బాగున్నట్టు. అప్పటికీ ముల్లు పైకి పోతుంటే వేడి ఎక్కువ పుడుతోందని అర్థం. బరువు మించిందా, లాకప్ క్లచ్ జారుతోందా, ఆయిల్ తగ్గిందా, బండికి మించిన పెద్ద టైర్లు వేశారా అని చూడాలి. రెండు పైపులూ ఒకేలా మండుతుంటే కూలర్‌కు గాలి ఆడటం లేదు. రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, గడ్డి పేరుకుని ఉంటాయి. లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

ఆయిల్ అసలు వేడి తెలుసుకోవడానికి స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే చాలు. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే కార్లు, పికప్‌లన్నింటికీ ఆ సాకెట్ ఉండాలి. పి0218 కోడ్ కనిపిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ హద్దు మీరి కాగిందని. పి0128 కనిపిస్తే ఇంజిన్ కూలెంట్ చేరాల్సిన వేడికి చేరడం లేదని. ఈ రెండోదానికి ఎక్కువసార్లు కారణం ఇంజిన్ థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి కాగుతుంటే ముందు ఇంజిన్ వైపు చూడాలి. కూలెంటే మరిగిపోతుంటే దాని మధ్య నుంచి వెళ్లే ఆయిల్ చల్లారదు.

దారిలో కాగితే

కొండ మీద ముల్లు ఎరుపులోకి పోతే చాలామంది వెంటనే ఇంజిన్ ఆపేస్తారు. పొరపాటు అక్కడే. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే కన్వర్టర్‌లో కాగిన ఆయిల్ అక్కడే ఉడుకుతుంది. బండిని భద్రంగా పక్కకు తీసి, గేరు పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్‌ను నడవనివ్వాలి. కాస్త ఎక్కువ రేసులో ఉంచితే ఇంకా మంచిది. కొద్ది నిమిషాల్లో ముల్లు దిగడం మొదలవుతుంది. ఇంజిన్ మీటరు కూడా ఎరుపులో ఉన్నా, పొగ వస్తున్నా, ఆయిల్ కారుతున్నా మాత్రం ఆపెయ్యాల్సిందే. వేడి రేడియేటర్ మూత తియ్యకూడదు.

బరువు లాగేటప్పుడు టో-హాల్ మీట నొక్కడం మరవకూడదు. దాంతో గేర్‌బాక్స్ మాటిమాటికీ గేర్లు మార్చడం మానేస్తుంది, కింది గేరులో నిలకడగా ఉంటుంది, లాకప్‌ను త్వరగా పడుతుంది. ఇంజిన్ శబ్దం పెరిగిందని కంగారుపడనక్కర్లేదు. గేర్‌బాక్స్‌కు అది మేలే. బురదలో దిగబడితే ముందుకూ వెనక్కూ ఊపుతూ యాక్సిలరేటర్ తొక్కడం కొన్ని సెకన్లకు మించకూడదు. పలుగూ పారా గేర్‌బాక్స్ కంటే చవక.

మరమ్మతు విషయంలో ఒక దగ్గరి దారి ఉంది. వాల్వు తీసేసి, ఆయిల్ ఎప్పుడూ కూలర్‌కు పోయేలా పైపులు కలిపేస్తారు. టెక్సాస్, అరిజోనా ఎండల్లో అది నడుస్తుంది. మంచు ప్రాంతంలో ఉండేవాళ్లు ఆ పని చేస్తే చలికాలమంతా చిక్కని ఆయిల్‌తో గేర్లు అరుగుతాయి. సరైన వాల్వు కొత్తది వేసుకోవడమే రెండు కాలాలకూ మంచిది. ఆయిల్ మాడి ఉంటే అదీ మార్చాలి. చాలా కొత్త బండ్లలో ఆయిల్ చూసుకునే పుల్ల ఉండదు, కంపెనీ చెప్పిన వేడి దగ్గర ఉంచి మట్టం చూడాలి. ఎందుకంటే వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, చల్లగా ఉన్నప్పుడు చూసిన మట్టం తప్పుదారి పట్టిస్తుంది. గేర్‌బాక్స్ ఒకసారి పాడై విప్పి కట్టించుకున్నవాళ్లు కూలర్, పైపులు కూడా శుభ్రం చేయించాలి. లేకపోతే పాత గేర్‌బాక్స్ పొడి కొత్తదాంట్లోకి వస్తుంది. ఆయిల్ గులాబీ రంగు పాలలా కనిపిస్తే మాత్రం బండి అక్కడే ఆపాలి. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసిందన్నమాట. కూలెంట్ తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పట్టు పొర ఊడిపోతుంది.

మన షెడ్లలో

మన ఊళ్లలో కూరగాయలు, కోళ్లు, సిమెంటు మోసే పికప్‌లలో ఎక్కువ గేర్ రాడ్ బండ్లే. వాటికి ఈ ఆయిల్ తూము గొడవ లేదు. కానీ ఇప్పుడు మన దగ్గరా ఆటోమేటిక్ పికప్‌లు తిరుగుతున్నాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారం నుంచి వచ్చే పికప్‌లలో ఆరు గేర్ల ఆటోమేటిక్ రకం కూడా ఉంది.

ఇంజిన్ థర్మోస్టాట్ విషయంలో మాత్రం మన షెడ్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. బండి హీటెక్కిందంటే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. "మన ఎండలకు ఇదెందుకు సార్?" అంటారు. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు అది సబబుగానే తోస్తుంది. కానీ ఇంజిన్ లోపలి వేడి ముందు మన 45 డిగ్రీల ఎండ కూడా చలువే. థర్మోస్టాట్ లేని ఇంజిన్ కుదురైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, తేలిక దారిలో ఒక్కోసారి చేరనే చేరదు. డీజిల్ సరిగా కాలదు, మసి పెరుగుతుంది, ఇంజిన్ ఆయిల్ త్వరగా చెడుతుంది, సిలిండర్లు అరుగుతాయి. మైలేజీ పడిపోయి, ఇంజిన్ ముందుగానే బోరుకు వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పళ్లాలు ఉంటాయి. ఒకటి రేడియేటర్ దారిని తెరుస్తుంటే, రెండోది ఇంజిన్ లోపలే తిరిగే దగ్గరి దారిని మూస్తుంది. ముక్క మొత్తం పీకేస్తే ఆ దగ్గరి దారి ఎప్పటికీ తెరుచుకునే ఉంటుంది. కాగిన నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా ఇంజిన్‌లోకే తిరిగిపోతుంది. హీటెక్కకూడదని పీకిన ముక్క వల్ల బండి ఎక్కువ బరువు మీద ఇంకా హీటెక్కుతుంది.

పాడైన థర్మోస్టాట్‌ను తీసెయ్యడం సరైన పనే. దాని చోట కొత్తది పెట్టకపోవడమే తప్పు. నీరటి ముసలివాడైతే ఊరు ఇంకొకరికి ఆ పని అప్పగిస్తుంది. తూమే వద్దనుకోదు. షెడ్డులో బండి ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి. "పాతది పొయ్యి మీద పరీక్షించారా? కొత్తది ఎన్ని డిగ్రీలది వేశారు?" బండి మీద బతికే డ్రైవరు అన్నకు ఆ రెండు ప్రశ్నలు ఒక ఇంజిన్‌ను కాపాడగలవు.

ఆ రోజు పొయ్యి ఆపాక నేను గిన్నె దగ్గరే కూచున్నాను. ఇరవై నిమిషాలకు నీళ్లు 85కి దిగాయి. కొత్తదాని సందు సన్నబడింది. 80 దగ్గర పళ్లెం తనంతట తాను వచ్చి అంచుకు ఆనుకుంది. మళ్లీ పొయ్యి వెలిగించాను. 83కి మళ్లీ వెంట్రుకవాసి సందు.